శాస్త్రపత్రికల స్వామ్యము – ‘లింగ్వా’ సంపాదకవర్గము రాజీనామా

2015వ సంవత్సరము అక్టోబరు మాసాంతమున ‘లింగ్వా’ యను భాషాశాస్త్రపత్రిక సంపాదకులు ఆరుగురును, సంపాదకమండలి సభ్యులు 31 మందియు ఒక్కుమ్మడిగ తమ పదవులకు రాజీనామా యిచ్చిరి. అప్పటికి ఆ పత్రిక వయస్సు 66 ఏండ్లు. సామాన్య భాషాశాస్త్రమున పేరెన్నికగన్న పత్రికలలో అది యొకటి. ఒక పత్రికను నడపు విద్వాంసులందఱును ఒక్కసారిగ దానిని విడిచిపోవుట లోకమున తఱచుగ జరుగు విషయము కాదు. ఈ వివాదమును చందాధరల తగవుగ పేర్కొనుట వాడుక. ధరలు కారణమైన మాట నిజమే. అయినను ఉభయపక్షముల వాదములను నిదానించి చూచినచో వారి నడుమ తెగక నిలిచిన ప్రశ్న మఱియొకటి కానవచ్చును: పత్రిక పేరు ఎవరి సొత్తు? ఈ ప్రశ్న లింగ్వాతో పుట్టినది కాదు. దాని పూర్వాపరములను కొంత పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దేశము.

శాస్త్రపత్రికలు మొదట విద్వత్సభల సొత్తుగ నుండి పిమ్మట వర్తకుల చేతిలో పడినవని పలువురు వ్రాయుదురు. చరిత్ర అంత సరళముగ లేదు. 1665 మార్చిలో లండనునందు ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ వెలువడినప్పుడు అది రాయల్ సొసైటీ కార్యదర్శియైన హెన్రీ ఓల్డెన్‌బర్గు స్వంతపూచీమీద నడపిన పత్రిక. దానివలన కొంత ఆదాయము రాగలదని ఆయన ఆశించెను కూడ. ఆ సభ దాని ఆర్థికభారమును తనమీద వేసికొన్నది 1752లో మాత్రమే. అనగా మొట్టమొదటి శాస్త్రపత్రికలలో నొకటి వ్యక్తి సొత్తుగ పుట్టి సభ సొత్తుగ మాఱినది. స్వామ్యము ఎటునుండి ఎటైనను మాఱవచ్చునని, అది పత్రిక స్వభావమున పుట్టిన ధర్మము కాదని దీనివలన తెలియుచున్నది. పందొమ్మిదవ శతాబ్దమున పెరిగిన విద్వత్సభలు తమతమ పత్రికలను తామే నడపుకొనినవి. సభ్యులు చందాలిచ్చిరి, నష్టము వచ్చినచో సభ భరించెను.

రెండవ ప్రపంచయుద్ధానంతరము స్థితి మాఱినది. పరిశోధనకై ప్రభుత్వములు విశేషముగ ధనము వెచ్చింపసాగినవి. క్రొత్తశాఖలు పుట్టినవి, వానికి తగిన పత్రికలను నెలకొల్పుటలో సభలు వెనుకబడినవి. ఈ అవకాశమును అందఱికంటె ముందుగ గ్రహించినవాడు రాబర్టు మాక్స్‌వెల్. 1951లో ఆయన యొక చిన్న ప్రచురణసంస్థను చేజిక్కించుకొని దానికి పెర్గమాన్ ప్రెస్ అని పేరిడెను. ఏ శాస్త్రమున క్రొత్తశాఖ తలయెత్తినను అందొక విద్వాంసుని పట్టి సంపాదకునిగ నియమించి పత్రిక ప్రారంభించుట ఆయన పద్ధతి. 1991లో ఆ సంస్థను ఎల్సెవియర్‌కు 44 కోట్ల పౌనులకు విక్రయించెను. ఆ ధర యంత్రములకును భవనములకును ఇచ్చిన ధర కాదు. వందలకొలది పత్రికల పేర్లకు ఇచ్చిన ధర.

పేరునకు ఇంత వెల యెట్లు కలిగినది? పత్రిక నడచు విధానము మన పరిశోధకవిద్యార్థులకు తెలిసినదే యైనను, ఒకసారి వరుసగ చెప్పుకొనుట మంచిది. వ్యాసకర్త వ్యాసమును ప్రతిఫలము లేక యిచ్చును. దానిని చదివి గుణదోషములు నిర్ణయించు పరిశీలకుడు, అనగా రిఫరీ, ఉచితముగనే పనిచేయును. సంపాదకునకు గౌరవము దక్కును. ధనము దక్కినను స్వల్పము. ముగ్గురి జీతములును విశ్వవిద్యాలయము లిచ్చునవి. అట్లు సిద్ధమైన వ్యాసముపై హక్కులను వ్యాసకర్త సంతకముచేసి ప్రచురణకర్తకు ధారపోయును. పిమ్మట ఆ విశ్వవిద్యాలయముల గ్రంథాలయములే చందా కట్టి ఆ పత్రికను కొనును. ఇతర వస్తువుల విషయమున ధర హెచ్చినచో కొనుగోలుదారుడు వేఱొక దుకాణమునకు పోవును. ఒక పత్రికలోని వ్యాసము మఱియొక పత్రికలో దొరకదు గనుక గ్రంథాలయమునకు ఆ వీలు లేదు. 1960ల నుండి యూజీన్ గార్ఫీల్డు ప్రవేశపెట్టిన ఉల్లేఖసూచికలు ప్రాచుర్యమునకు వచ్చినకొలది ఉద్యోగములును పదోన్నతులును పత్రికల పేర్లనుబట్టి నిర్ణయమగుట మొదలైనది. దానితో వ్యాసకర్తకును వేఱొక దుకాణమునకు పోవు వీలు తగ్గినది. కొనువాడును ఇచ్చువాడును కూడ పేరునకు కట్టుబడిరి.

ధరలపై మొదటి గట్టి నిరసన ఒక భౌతికశాస్త్రజ్ఞుడు చేసిన లెక్క రూపమున వచ్చినది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన హెన్రీ బార్షాల్ 1986లోను మఱల 1988లోను భౌతికశాస్త్రపత్రికల ధరలను పోల్చి ప్రకటించెను. పుటల పరిమాణము పత్రికపత్రికకు మాఱును గనుక ఆయన అక్షరములను లెక్కించి, ఇన్ని అక్షరములకు ఇంత ధరయని తేల్చెను. విద్వత్సభల పత్రికలు చవుకగను, కొన్ని వాణిజ్యసంస్థల పత్రికలు మిక్కిలి ప్రియముగను ఉన్నట్లు తెలిసినది. ఆ పట్టికలో ప్రతికూలస్థానము పొందిన గార్డన్ అండ్ బ్రీచ్ సంస్థ, వ్యాసములను ప్రచురించిన విద్వత్సభలపై జర్మనీ, స్విట్జర్లండు, ఫ్రాన్సు, అమెరికా దేశముల న్యాయస్థానములలో వ్యాజ్యములు వేసెను. 1997 ఆగస్టులో న్యూయార్కు న్యాయస్థానము సభలకు అనుకూలముగ తీర్పు చెప్పినది. బార్షాల్ ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే కీర్తిశేషుడైనందున తీర్పును వినలేదు. ఒక అంకగణితపట్టికపై నాలుగు దేశములలో దావా నడచుట విద్యాచరిత్రలో విచిత్రమైన ఘట్టమే.

ధరను లెక్కించి చూపుటవలన ధర తగ్గలేదు. తరువాతి తరము విద్వాంసులు తమ చేతిలోనున్న ఒకేయొక సాధనమును ప్రయోగించిరి. అది తమ శ్రమను ఉపసంహరించుకొనుట. 1999 నవంబరులో ‘జర్నల్ ఆఫ్ లాజిక్ ప్రోగ్రామింగ్’ సంపాదకులు 50 మంది, ఎల్సెవియర్‌తో 16 నెలలు సంప్రదించి విసిగి, ఒక్కటిగ రాజీనామా చేసి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయము ఆశ్రయమున వేఱు పత్రిక పెట్టిరి. 2001లో ‘మెషీన్ లెర్నింగ్’ పత్రిక సంపాదకమండలినుండి 40 మంది బహిరంగలేఖ వ్రాసి వెడలిరి. వారు చేరిన క్రొత్తపత్రికను ఎవరైనను ఉచితముగ చదువుకొనవచ్చును. 2003లో ‘జర్నల్ ఆఫ్ ఆల్గరిథమ్స్’ స్థాపకసంపాదకులలో నొకరైన డొనాల్డ్ క్నూత్, పత్రిక ధరల చరిత్రనంతయు వివరించుచు సంపాదకమండలికి సుదీర్ఘమైన లేఖ వ్రాసెను. ఆ సంవత్సరాంతమున మండలి యావత్తు వైదొలగెను.

వీనిలో ‘టొపాలజీ’ పత్రిక కథ మన ప్రశ్నకు మిక్కిలి దగ్గఱగ నున్నది. ఆక్స్‌ఫర్డు గణితజ్ఞుడు జె. హెచ్. సి. వైట్‌హెడ్ సంకల్పమున రూపుదిద్దుకొని, ఆయన మరణానంతరము 1962లో పెర్గమాన్ ప్రెస్ ద్వారా వెలువడిన పత్రిక అది. పెర్గమాన్‌తోపాటు 1991లో ఎల్సెవియర్ పాలయ్యెను. 2006 ఆగస్టులో సంపాదకులందఱును రాజీనామా యిచ్చిరి. వారే 2008 జనవరిలో లండన్ మాథమాటికల్ సొసైటీ పక్షమున ‘జర్నల్ ఆఫ్ టొపాలజీ’ని ప్రారంభించిరి. పాతపత్రిక వార్షికచందా 1,665 డాలర్లుండగా క్రొత్తదానికి 570 డాలర్లు నిర్ణయించిరి. అదే విద్య, అదే సంపాదకులు. ధర మాత్రము మూడవవంతు. పాత ‘టొపాలజీ’ 2009లో నిలిచిపోయినది. పేరు ప్రచురణకర్తవద్దనే మిగిలినది. దానిలో వ్రాయువారును, పరిశీలించువారును లేకపోయిరి. పేరులోని వెల యావత్తును ఎవరి శ్రమవలన కలిగినదో ఈ పరిణామమునుండి గ్రహింపవచ్చును. అయితే అన్ని పత్రికలును ఇట్లు ఎండిపోలేదని ముందు చూడగలము.

2012 జనవరిలో కేంబ్రిడ్జి గణితాచార్యుడు, 1998లో ఫీల్డ్సు పతకము పొందిన తిమోతి గవర్స్, తాను ఇకమీదట ఎల్సెవియర్ పత్రికలకు వ్రాయననియు, పరిశీలింపననియు, సంపాదకత్వము వహింపననియు ప్రకటించెను. ఆ ప్రతిజ్ఞపై సంతకము చేసినవారి సంఖ్య ఆ సంవత్సరములోనే 10,000 దాటినది. ప్రభుత్వధనముతో జరిగిన పరిశోధనను ప్రజలకు ఉచితముగ నందించు విధానమును అడ్డగింపబూనిన ఒక బిల్లు అప్పుడు అమెరికా శాసనసభలో నుండెను. ఫిబ్రవరి 27న ఎల్సెవియర్ దానికి తన మద్దతును ఉపసంహరించుకొనగా బిల్లు మూలబడెను. ఇది మెచ్చదగిన ఫలితము. కాని వ్యక్తుల ప్రతిజ్ఞలు వ్యక్తులతోనే యుండును. పత్రికలు ఎచ్చటివచ్చటనే యున్నవి. ఎల్సెవియర్ 2010 లెక్కలలో సుమారు 200 కోట్ల పౌనుల రాబడిపై 72 కోట్ల 40 లక్షల పౌనుల లాభము చూపిన సంస్థ. వేయిమంది వ్యాసకర్తలు మానినను దానికి కలుగు లోటు అల్పము. సంపాదకవర్గము పత్రికనే విడిచిపోవుట వేఱు రకమైన దెబ్బ.

ఇప్పుడు లింగ్వాకు వత్తము. దానిని 1949లో ప్రారంభించినవారు ఆంటన్ రైక్లింగ్, ఎ. డబ్ల్యు. డి గ్రూట్ అను డచ్చి భాషాశాస్త్రజ్ఞులు. తరువాత అది ఆమ్‌స్టర్‌డామ్‌లోని నార్త్ హాలండ్ ప్రచురణసంస్థకు చెందినది. ఆ సంస్థ 1970 ప్రాంతమున ఎల్సెవియర్‌లో కలిసిపోగా లింగ్వాయు దానివెంట పోయెను. 1999 నుండి లైడెన్ విశ్వవిద్యాలయాచార్యుడు యోహన్ రూరిక్ దానికి కార్యనిర్వాహక సంపాదకుడు. పలు పత్రికలను ఒక కట్టగ గట్టి అమ్ము పద్ధతివలన లింగ్వా ఒక్కదానికే చందా కట్టుట కష్టమైనదని గ్రంథాలయములు మొఱపెట్టుచుండెను. దేశకాలములును కలిసివచ్చినవి. 2015లో నెదర్లండ్స్ విశ్వవిద్యాలయముల సంఘము ఎల్సెవియర్‌తో క్రొత్త ఒప్పందమునకై పెనుగులాడుచు, ఆ సంస్థ పత్రికలలో ప్రధానసంపాదకులుగ నున్న తమ ఆచార్యులను పదవులు వదలుకొమ్మని కోరుటకు జూలైలో పూనుకొనెను. రూరిక్ బృందము ఆ వాతావరణమున పనిచేసినది.

వారు ప్రచురణకర్తకు పంపిన కోర్కెలు మూడు ముఖ్యములు. పత్రికను ఎవరైనను ఉచితముగ చదువుకొనుటకు వీలు కల్పింపవలెను. దీనినే ఓపెన్ ఆక్సెస్ అందురు. అందుకై వ్యాసకర్తనుండి తీసికొను రుసుము 400 యూరోలను మించరాదు. అప్పటి లింగ్వాలో ఆ సౌకర్యమునకు 1,800 డాలర్లు పుచ్చుకొనుచుండిరి. వ్యాసముపై హక్కు వ్యాసకర్తకును, పత్రిక పేరుపై హక్కు సంపాదకవర్గమునకును చెందవలెను. మొదటి రెండింటిపై బేరము సాగుటకు కొంత వీలు కలదు. మూడవదానిపై బేరమునకు తావే లేదు.

ఎల్సెవియర్ ప్రకటించిన సమాధానము ఈ చరిత్రలో ముఖ్యమైన ఆధారము. ఆ ధరకు ఇచ్చినచో పత్రిక మనజాలదని చెప్పిన పిమ్మట, పత్రికను మూల్యము లేక సంపాదకులకు అప్పగింపుమని కోరుట అంగీకరింపరానిదనియు, దానిని పేరుగల పత్రికగ తీర్చుటకు తాము కాలమును ధనమును వెచ్చించితిమనియు, 66 ఏండ్లక్రిందట దానిని స్థాపించినది తామేననియు ఆ ప్రకటన పేర్కొన్నది. స్థాపనను గూర్చిన మాట నిలువదు. 1949లో దానికిని ఎల్సెవియర్‌కును సంబంధము లేదు. తక్కినమాటలను అంత తేలికగ త్రోసివేయరాదు. అచ్చు, పంపకము, పాతసంపుటములను కంప్యూటరులోని కెక్కించి భద్రపఱచుట – ఇవి ధనము లేక జరుగు పనులు కావు; వానిని వాణిజ్యసంస్థలు సమర్థముగ నిర్వహించినవి. అయితే ఆ పనులు చేసినవానికి కూలి చెల్లును గాని పేరు చెల్లునా యనుట సంపాదకుల వాదము. గుడి కట్టిన మేస్త్రికి గుడి దక్కదు గదా. చట్టము మాత్రము ప్రచురణకర్త పక్షమున నుండెను. పేరు రిజిస్టరైన ఆస్తి.

కనుక వారు పేరును విడిచి మనుష్యులను తీసికొనిపోయిరి. 2015 చివఱవఱకు ఒప్పుకొన్న పని పూర్తిచేసి, 2016లో ‘గ్లోసా’ను వెలువరించిరి. లింగ్వా యన లాటినున నాలుక, భాష. గ్లోసా యన గ్రీకున నాలుక, భాష. అర్థము అదే, శబ్దము వేఱు. పర్యాయపదమును పేరుగ నెంచుకొనుటలో భాషాశాస్త్రజ్ఞుల చమత్కారమేగాక ఒక వాదము కూడ ఇమిడియున్నది: మీకు దక్కినది శబ్దము, అర్థము మావెంట వచ్చినదని. అర్థము శబ్దమును విడిచి పోగలదా యను మీమాంసను మన శాస్త్రకారులు ఎఱుగనిది కాదు. ఇచ్చట దానికి ప్రయోగము జరిగినది.

ధనము విషయమునను వారు జాగ్రత్తపడిరి. వెనుకటి రాజీనామాలలో పెక్కింటికి లేని ఏర్పాటు ఇది. నెదర్లండ్స్ విశ్వవిద్యాలయముల సంఘమును, ఆ దేశపు పరిశోధనసంస్థయు వ్యాసముల రుసుములను ఐదేండ్లు చెల్లించుటకు పూనుకొన్నవి. ఆ గడువు తీఱిన పిమ్మట ‘ఓపెన్ లైబ్రరీ ఆఫ్ హ్యుమానిటీస్’ అను గ్రంథాలయముల సమాఖ్య భారము వహించునట్లు ముందే నిశ్చయించిరి. వ్యాసకర్త తన జేబునుండి ఈయనక్కరలేదు. భాషాశాస్త్రమునకు భౌతికశాస్త్రమువలె పెద్ద నిధులు లేవు గనుక ఈ అంశము లేనిచో గ్లోసా యొక సంవత్సరమైన నిలిచియుండునో లేదో సందేహమే.

పాత లింగ్వా ఆగలేదు. ఎల్సెవియర్ క్రొత్తసంపాదకులను నియమించి దానిని నడపుచునే వచ్చినది. రాజీనామాను సమర్థించినవారు దానిని ప్రాణము లేక తిరుగు బేతాళముతో పోల్చి పరిహసించిరి. ఆ పరిహాసము న్యాయము కాదని నా అభిప్రాయము. దానిలో వ్రాసినవారందఱు ధనవంతుల పక్షపాతులని భావింపరాదు. ఉద్యోగము కుదురని యువపరిశోధకునకు సూచికలలో ఎక్కిన పేరు అన్నముతో సమానము. పేరుపొందిన ఆచార్యుడు క్రొత్తపత్రికలో వ్రాసి నష్టపడునది స్వల్పము. అదే త్యాగమును శిష్యునినుండి కోరుట వేఱు. ‘టొపాలజీ’ మూతపడుటకును లింగ్వా మూతపడకుండుటకును కారణము ఒకింత ఇచ్చటనే యున్నది. గణితజ్ఞుల సంఘము చిన్నది, పరస్పరపరిచయము గలది. భాషాశాస్త్రము పలుదేశములలో, పలుశాఖలుగ చెదరియున్నది. అందఱికిని వార్త చేరదు, చేరినను అందఱును ఆ నష్టమును భరింపలేరు.

ఉచితపఠనము సాధించినచో వివాదము తీఱునని 2015 నాటికి పలువురు తలచిరి. 2023లో ‘న్యూరోఇమేజ్’ పత్రికలో జరిగినది ఆ తలంపును సవరించినది. అది అప్పటికే ఓపెన్ ఆక్సెస్ పత్రిక, చదువువాడు చెల్లింపనక్కరలేదు. వ్యాసకర్త మాత్రము 3,450 డాలర్లు చెల్లింపవలసియుండెను. ఆ రుసుమును తగ్గింపుమని కోరి విఫలులై 40 మందికి పైబడిన సంపాదకులు ఆ సంవత్సరము ఏప్రిలులో రాజీనామా చేసిరి. మునుపు చదువువానివద్ద మూసియుండిన ద్వారము ఇప్పుడు వ్రాయువానివద్ద మూతపడినది. తాళము మాత్రము అదే చేతిలో నున్నది. 2024లో వైలీ సంస్థకు చెందిన ‘సింటాక్స్’ పత్రికను దాని సంపాదకులు విడుచుటతో భాషాశాస్త్రమున ఇట్టి ఘట్టము మఱల సంభవించినది.

ఈ కథ మనకు దూరమైనది కాదు. 2024 నవంబరు 25న భారతప్రభుత్వ మంత్రివర్గము ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకమును ఆమోదించి, 2025, 2026, 2027 సంవత్సరములకై 6,000 కోట్ల రూపాయలు కేటాయించినది. 30 మంది ప్రచురణకర్తల సుమారు 13,000 పత్రికలను కేంద్ర రాష్ట్ర ప్రభుత్వముల నిర్వహణలోని 6,300కు పైబడిన విద్యాసంస్థలు చదువుకొనగలుగుట దీని ఫలము. ఆంధ్ర తెలంగాణములలోని విశ్వవిద్యాలయములకు, ముఖ్యముగ స్వంతముగ ఇట్టి చందాలు కట్టుటకు శక్తిలేని వానికి, ఇది గొప్ప మేలు; దానిని తక్కువగ చెప్పుట కృతఘ్నత. అయినను ఇది పఠనాధికారమే. గడువు ముగిసినపుడు మఱల బేరమాడవలసినది ప్రభుత్వమే. పత్రికల స్వామ్యమున అణుమాత్రమును మార్పు రాదు. మఱియొకవైపు విశ్వవిద్యాలయ నిధులసంఘము 2018లో ఏర్పఱచి 2025లో విరమించిన అంగీకృతపత్రికల పట్టిక, పత్రిక పేరే వ్యాసమునకు ప్రమాణమను భావమును మన అధ్యాపకులలో చాల గట్టిగ నాటినది. పట్టిక పోయినంతమాత్రమున ఆ అలవాటు పోవునని తలపరాదు.

తెలుగును గూర్చిన భాషాశాస్త్రపరిశోధన చాలవఱకు వెలుపలి పత్రికలలోనే అచ్చయినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ద్రావిడభాషలలో ధ్వనిపరిణామము పదమునుండి పదమునకు వ్యాపించు తీరును నిరూపించిన వ్యాసము 1978లో ‘లాంగ్వేజ్’ పత్రికలో వెలువడినది. అది అమెరికా భాషాశాస్త్రసభ తానే స్థాపించి తానే నడపు పత్రిక. లింగ్వాయు లాంగ్వేజును ఒకే శాస్త్రమునకు చెందినవి, విద్వత్తులో సమఉజ్జీలు. ఒకదాని పేరు విద్వత్సభది, రెండవదాని పేరు సంస్థది. మన మాండలికములను సేకరించి ఊరూర తిరిగిన పరిశోధకుడు తన వ్యాసమును పంపునపుడు పత్రిక ప్రతిష్ఠను విచారించును గాని దాని యజమాని ఎవరని విచారించుట అరుదు. మన శాఖలు వెలువరించు పత్రికలలో సైతము స్వామ్యమును గూర్చి, వ్యాసకర్త హక్కును గూర్చి స్పష్టమైన వాక్యము వ్రాసికొన్నవి కొలదియే. పత్రిక చిన్నదిగ నున్నంతకాలము ఆ వాక్యముతో పనిపడదు.

గ్లోసావారు ఆ వాక్యమును మొదటనే వ్రాసికొనిరి. పత్రిక పేరు భాషాశాస్త్రజ్ఞుల పక్షమున నుండును. ముద్రణసంస్థ సేవకై నియుక్తమైనది, సేవకు తగిన మూల్యము పొందును. తొలి ఐదేండ్లును దానిని లండనులోని యుబిక్విటీ ప్రెస్ ప్రచురించెను. 2021లో సంపాదకులు ప్రచురణబాధ్యతను ఓపెన్ లైబ్రరీ ఆఫ్ హ్యుమానిటీస్‌కు మార్చుకొనిరి. అప్పుడు ఎవరును రాజీనామా చేయలేదు. పత్రిక పేరును మాఱలేదు.